రాస్ప్‌బెర్రీ పై మీద పిల్లలకి పైథాన్

పర్లాకిమిడి

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బడి పిల్లల కోసం రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు, అదే ఆ అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! గుణుపురం పిల్లలు సొంతంగా ప్రోగ్రాం రాస్తారంటే నాకు ఆ పని ఎక్కడా తడబడకుండా సాగాలని ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు కరెంటు సంగతి చూసుకో. ఇంట్లో పడున్న ఫోన్ ఛార్జర్ పెట్టకు. ఆ బోర్డుకి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇచ్చేది కావాలి. చాలకపోతే తెర మూల మెరుపు గుర్తు కనిపిస్తుంది, పని నెమ్మదిస్తుంది, ఒక్కోసారి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. పిల్లలేమో తమ ప్రోగ్రాంలోనే తప్పుందని టెన్షన్ పడతారు. మనవైపు వేసవి గాలివానలకి కరెంటు పోవడం మామూలే కదా. మెమరీ కార్డులో ఏదైనా సేవ్ అవుతుండగా పోతే కార్డే పాడవ్వచ్చు. చిన్న యూపీఎస్ దొరికితే పెట్టు. మెనూలోంచి షట్‌డౌన్ చేసి, పచ్చలైటు మిణకడం ఆగాకే ప్లగ్గు తీయాలని మొదటిరోజే నేర్పు. ఇంకో కార్డు కూడా సిద్ధం చేసి బీరువాలో పెట్టుకో.

కార్డు తయారీ తేలికే. ల్యాప్‌టాప్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రాం వేసుకుంటే, బోర్డు నడవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ని కార్డులోకి అదే ఎక్కిస్తుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అక్కడే పెట్టేయి. పాత పుస్తకాల్లో కనిపించే రెడీమేడ్ లాగిన్ 2022 నుంచి తీసేశారు. టీవీకి కలపడానికి మామూలు హెచ్‌డీఎమ్‌ఐ వైరు పనికిరాదు, ఈ బోర్డు వైపు మైక్రో హెచ్‌డీఎమ్‌ఐ ఉండాలి.

బాగా చిన్నపిల్లలైతే బొమ్మల దిమ్మలు పేర్చి ప్రోగ్రాం చేసే స్క్రాచ్ మేలు. నీ ఏడో తరగతి వాళ్లకి మాత్రం అక్షరాల్లో రాసే ప్రోగ్రామింగ్ భాష పైథానే మొదలుపెట్టు. ప్రోగ్రాం రాసి నడపడానికి థోనీ అనే ఎడిటర్ చాలు, మెనూలో ప్రోగ్రామింగ్ కింద ఉంటుంది. మొదటి పాఠంగా పదిహేడో ఎక్కం రాయించు. ఫర్, రేంజ్, ప్రింట్ అనే పైథాన్ మాటలు కలిపి రెండే లైన్లు. ఫర్ లైను చివర కోలన్ పెట్టి ఎంటర్ నొక్కితే కర్సర్ నాలుగు ఖాళీలు లోపలికి జరుగుతుంది. ఆ జరగడం ఎందుకో అక్కడే ఆగి చెప్పు, పైథాన్‌లో సగం అర్థమైపోతుంది. తర్వాత కావాలనే కోలన్ తీయించు. కింద ఎర్ర అక్షరాల్లో తప్పు, లైను నంబరు వస్తాయి. వాటిని పిల్లలచేతే పైకి చదివించు. కీబోర్డు మాత్రం నువ్వు ముట్టుకోకు, ఎంత ఆలస్యమైనా వాళ్లనే కొట్టనీ.

ప్రోగ్రాంలో పెట్టే పేర్లు మొదట్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయించు. ఆ ఎడిటర్‌లో మన వత్తులు విడిపోయి కనిపించవచ్చు.

ఎక్కాలు అయ్యాక ఎల్‌ఈడీ వెలిగించమని ఎలాగూ అడుగుతారు. 330 ఓముల రెసిస్టర్ లేకుండా కలపనివ్వకు. ఎల్‌ఈడీ కలిపే బోర్డు పిన్నులు 3.3 వోల్టులవి, వాటికి 5 వోల్టులు తగిలితే బోర్డు పోతుంది. ఏ పిన్ను ఎక్కడుందో చూడాలంటే ఆదేశాలు టైపుచేసే టెర్మినల్ కిటికీలో పిన్‌అవుట్ (pinout) అని కొట్టు, బొమ్మ వస్తుంది.

ఎక్కడైనా ఆగిపోతే తెర ఫోటో తీసి పంపు.

మీ పెదనాన్న