సర్వేకి ఒప్పుకునే ముందు ఏం అడగాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్తే అండి. మేం వేరే దేశం వచ్చి స్థిరపడ్డవాళ్లం. మావాళ్లలో డిప్రెషన్ ఎంతుందో పరిశోధన చేస్తామని ఒక యూనివర్సిటీ బృందం మా సంఘాన్ని అడిగింది, మీరూ మాతో భాగస్వాములే అంటున్నారు. కొన్నేళ్ల కింద ఇలాగే ఇంకెవరో వచ్చి గంటలకొద్దీ ప్రశ్నలడిగి వెళ్లారు, మళ్లీ కనిపించలేదు. ఈసారి ఒప్పుకోవాలా?
– ఒక సంఘం కార్యదర్శి

జవాబు: ఒప్పుకోండి, కానీ సంతకం పెట్టే ముందు అన్నీ తేల్చుకోండి. మీకు అనుమానం రావడం సహజం. అమెరికాలో గ్రాండ్ కాన్యన్‌లో ఉండే హవసుపాయి తెగవాళ్ల దగ్గర 1990 నుంచి మధుమేహం మీద పరిశోధన అని చెప్పి రక్తం తీసుకున్నారు, తర్వాత వాళ్లకు చెప్పకుండానే అదే రక్తాన్ని స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు మీద పరిశోధనకూ వాడేశారు. కోర్టుకెళ్లి పోరాడితే 2010లో రాజీ కుదిరింది, 7 లక్షల డాలర్ల పరిహారంతో పాటు మిగిలిన రక్త నమూనాలూ తిరిగొచ్చాయి. కాబట్టి మీరిచ్చే వివరాలు దేనికి వాడతారు, ఇంకో పరిశోధనకు వాడాలంటే మళ్లీ మిమ్మల్ని అడుగుతారా అన్నది కాగితం మీద రాయించుకోండి.

భాగస్వాములు అన్న మాట నిజమో కాదో, మిమ్మల్ని ఏ దశలో పిలిచారో చూస్తే తెలిసిపోతుంది. నిధులు మంజూరై, ప్రశ్నాపత్రం అచ్చయి, ఇక మనుషులు కావాలి అన్నప్పుడు పిలిస్తే మీ పని మనుషుల్ని పోగేసిపెట్టడమే. ఏ సమస్య మీద పని చెయ్యాలి అన్న దగ్గరే మీ మాట చెల్లాలి. వాళ్లు డిప్రెషన్ అనుకుని వస్తారు, మీవాళ్లను కూర్చోబెట్టి అడిగితే అసలు బాధ వీసా టెన్షన్ కావచ్చు, చదువుకు తగ్గ పని దొరక్కపోవడం కావచ్చు. ఇంటింటికీ తిరిగే మీవాళ్లకు జీతం ఇస్తారా, ఫలితాలు ముందు మీకు మీ భాషలో చెబుతారా, పరిశోధన ముగిశాక కౌన్సెలింగ్ ఆగిపోతుందా, ఇవన్నీ అడగండి. అడిగితే నొచ్చుకునే బృందమైతే వద్దనే నా సలహా.

సరిగ్గా చేస్తే ఫలితం ఉంటుందనడానికి లాస్ ఏంజెలెస్‌లో జరిగిన 'కమ్యూనిటీ పార్ట్‌నర్స్ ఇన్ కేర్' మంచి ఉదాహరణ. ఎక్కువమంది నల్లజాతివాళ్లూ లాటినోలూ ఉన్న పేద ప్రాంతాల్లో క్లినిక్‌లతో పాటు చర్చిలు, పార్కులు, హెయిర్ సెలూన్లు కూడా కలిసి డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఎలా సాయం చెయ్యాలో ప్లాన్ వేసుకున్నాయి. ఇంకోవైపు కొన్ని సంస్థలకు అదే శిక్షణ విడివిడిగా ఇచ్చి వదిలేశారు. 6 నెలల తర్వాత చూస్తే, కలిసి ప్లాన్ వేసుకున్న చోట మనుషుల మానసిక స్థితి మెరుగ్గా ఉంది, ఇల్లు లేక వీధిన పడే ప్రమాదం కూడా తగ్గింది. శిక్షణకు వాడిన సామగ్రి రెండు చోట్లా ఒకటే, ముఖ్యమైన తేడా కలిసి కూర్చుని ప్లాన్ వేసుకోవడమే.

ప్రశ్న: ఇలాంటి పరిశోధనలోనే మావాళ్ల ఇళ్లకు వెళ్లి సర్వే చేసే పని నాకిచ్చారు. అందరూ తెలిసినవాళ్లే, కానీ ఎవరిని అడిగినా "మాకేం బాధ లేదు" అంటున్నారు. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు

జవాబు: తెలిసినవాళ్లు కాబట్టే చెప్పడం లేదమ్మా. మీరు తలుపు తెరిపించగలరు, కానీ విషయం మీ ద్వారా నలుగురికీ తెలిసిపోతుందేమోనన్న భయమూ వాళ్లకు ఉంటుంది. మరీ దగ్గరివాళ్ల ఇళ్లకు ఇంకొకరిని పంపమని అడగండి.

మీ దగ్గరున్న ఫారం బహుశా డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అయి ఉంటుంది: 9 ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎలా ఉందో 0 నుంచి 3 వరకు మార్కులు. అత్తగారు పక్క గదిలో వింటుంటే ఏ కోడలైనా అన్నిటికీ సున్నాలే వేయిస్తుంది, మీరైనా అంతే చేస్తారు. విడిగా మాట్లాడే చోటు దొరక్కపోతే ఆ రోజుకు వచ్చేయండి. ఇంట్లో పిల్లల్ని మాత్రం దుబాసీలుగా వాడొద్దు, అమ్మకు చచ్చిపోవాలనిపిస్తోందా అన్న ప్రశ్న పదేళ్ల బిడ్డ నోట పలికించడం అన్యాయం. ఫారం తీసేలోపు నిద్ర, ఆకలి, ఒంటినొప్పుల గురించి మాట్లాడండి. చాలామంది మనసులో బరువును ముందు ఒంటి బాధగానే చెప్పుకుంటారు.

తొమ్మిదో ప్రశ్న అదే, బతకడం కన్నా చావే మేలనిపిస్తోందా అన్నది. దానికి ఎవరైనా అవునంటే అప్పటికప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఆ నంబరు మీ దగ్గర లేకుండా ఒక్క ఇంటికి కూడా వెళ్లొద్దు. బృందం ఇవ్వకపోతే పని ఆపి మరీ అడగండి.

ప్రశ్న: నేను అమెరికాలో ఉంటున్నా, కాగితాలు సరిగ్గా లేవు. నేను చెప్పినవి ఇమ్మిగ్రేషన్ వాళ్లకు చేరతాయా?
– పేరు వద్దు

జవాబు: ఆ పరిశోధనకు ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ) నిధులున్నాయేమో అడగండి. ఉంటే, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసుకునే పరిశోధనలకు 2017 అక్టోబరు నుంచి గోప్యతా ధ్రువపత్రం దానంతటదే వర్తిస్తుంది, కోర్టు అడిగినా మీ అనుమతి లేకుండా ఆ వివరాలు ఇవ్వకూడదు. పిల్లల మీద హింస లాంటి మినహాయింపులు కొన్ని ఉంటాయి, సమ్మతి పత్రంలో చదవండి. ధ్రువపత్రం ఉన్నా సరే, వీసా ప్రశ్న మీకు అవసరమా అని బృందాన్ని అడగండి. అవసరం లేకపోతే తీసేయమనండి, తీయకపోతే ఆ గడి ఖాళీగా వదిలేసే హక్కు మీకుంది.