కొండ మీద మిత్రుడు జారిపడితే…

ప్రశ్న: గత డిసెంబరులో ఐదుగురు మిత్రులం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠా ఎక్కాం. దిగేటప్పుడు ఒకడు మంచు మీద జారి, ముప్పై అడుగుల కింద రాళ్లకు కొట్టుకుని ఆగాడు. మోకాలి కింద ఎముక విరిగింది. గైడు అప్పటికే ముందు గుంపుతో దిగిపోయాడు. ఇద్దరం ఫోను సిగ్నల్ కోసం, ఇద్దరు గైడు కోసం పరుగెత్తాం. అరగంట తర్వాత వచ్చి చూస్తే వాడు గజగజ వణుకుతున్నాడు, మాట తడబడుతోంది. ప్రాణానికి ప్రమాదం తప్పింది. కానీ ఆ అరగంట నాకు ఇంకా కలలోకి వస్తోంది. మేము ఏమి చేయవలసింది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బాబూ, పాతికేళ్లుగా పిల్లలను హిమాలయాలకు తీసుకువెళ్తున్నాను. ఎవరైనా పడిపోయిన తొలి నిమిషంలో కాళ్లు పరుగునే కోరుకుంటాయి, నా కాళ్లు కూడా. అందుకని మిమ్మల్ని నిందించను. అయితే నలుగురూ వెళ్లిపోవడం మాత్రం తప్పే. మీ మిత్రుడికి విరిగిన ఎముక కన్నా ఆ అరగంట చలి ఎక్కువ ముప్పు తెచ్చింది.

ఉత్తరకాశీలో నేను శిక్షణ పొందుతున్నప్పుడు మా గురువు మమ్మల్ని పది నిమిషాలు వట్టి మంచు మీద కూర్చోబెట్టారు. తర్వాత మరో పది నిమిషాలు చాప మీద. ఆ తేడా ఒంటికి తెలిశాక మరచిపోవడం ఉండదు. కదలలేని మనిషి ఒంటి వేడిని కింది నుంచి నేల లాగేస్తుంది. మనవాళ్లు పైన దుప్పటి మీద దుప్పటి కప్పుతారు, కింద ఏమీ వేయరు. ముందు కింద వేయండి: చాప, ఖాళీ చేసిన సంచులు, తాడు, ఏది ఉంటే అది. తడి బట్టలు మార్చి, తలకు టోపీ పెట్టి, గాలి తగలకుండా కప్పండి. స్పృహ బాగా ఉంటే బెల్లమో చాక్లెట్టో తినిపించండి. మద్యం వద్దు, ఒళ్లు వెచ్చబడినట్లు అనిపిస్తుందే గాని లోపలి వేడి పోతుంది. మాట తడబడటం చలి లోపలికి చేరిందనడానికి గుర్తు. ఒళ్లు వేడెక్కకుండానే వణుకు ఆగిపోతే మరీ ప్రమాదం.

2024 జూన్‌లో అదే రాష్ట్రంలోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్లిన బృందం మంచు తుఫానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. మిగిలినవారి కోసం వాయుసేన హెలికాప్టర్లు వెళ్లాయి. జూన్ నెల అది! ఎండాకాలమని స్వెటర్లు తగ్గించుకునేవారికి నేను ఈ సంగతే చెబుతాను.

ఇక మీ సంగతి. పడినవాడి దగ్గరకు నేరుగా పై నుంచి దిగకూడదు, మీ కాలి కింది రాయి అతని మీదే పడుతుంది. పక్క నుంచి వెళ్లాలి. రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి గట్టిగా అదిమి ఉంచాలి, ఆగిందో లేదోనని మాటిమాటికీ ఎత్తి చూడకూడదు. మెడలో, వెన్నులో నొప్పి ఉందన్నా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కాయన్నా, పై నుంచి రాళ్లు పడే భయం ఉంటే తప్ప కదపవద్దు. విరిగిన కాలికి ఇరువైపులా చేతికర్రలు పెట్టి, మధ్యలో మెత్తగా బట్టలు కూరి, విరిగిన చోటికి పైనా కిందా కట్టండి. బూటు విప్పకుండా దాని తాళ్లు మాత్రం వదులు చేయండి. వేళ్లు కదుపుతున్నాడా, స్పర్శ తెలుస్తోందా అని అడుగుతూ ఉండండి.

అప్పుడు కబురు. మీలో ఇద్దరు ఉండిపోవాలి, ఇద్దరు కలిసి వెళ్లాలి. వెళ్లేవారి చేతిలో కాగితం ఉండాలి: ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏమి జరిగింది, అక్కడ ఎంతమంది ఉన్నారు. కంగారులో నోటిమాట మారిపోతుంది. 112కు ఫోను చేయండి, మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవరు అందితే కలవవచ్చు. ఫోనును చొక్కా లోపల ఉంచుకోండి, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. అమెరికా నుంచి వచ్చే మన పిల్లలకు ఇక్కడే ఒక మాట: అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోను వాడటం మన దేశంలో నేరం. జేబులో పెట్టుకుని రావద్దు.

ఉండిపోయినవారికి ఈల చాలు. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. రాత్రి అయితే టార్చితో అలాగే. అవతలి నుంచి నిమిషానికి మూడుసార్లు వినిపిస్తే మీ పిలుపు అందినట్లే. హెలికాప్టర్ కనిపిస్తే రెండు చేతులూ ఏటవాలుగా పైకెత్తి నిలబడండి, సాయం కావాలని అర్థం. ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి పెడితే అక్కర్లేదని చెప్పినట్లు. కంగారులో ఒంటి చెయ్యి ఊపకండి.

మీ మిత్రుడి కాలు పూర్తిగా నయమై, డాక్టరు సరేనన్న తర్వాత ఒక ఆదివారం అందరూ భువనగిరి గుట్టకు వెళ్లండి. మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కడానికి ముందు బండలెక్కడం నేర్చుకున్నది అక్కడే. చేతికర్రలు, చాప, ఈల తీసుకువెళ్లండి. ఈసారి గాయపడినవాడిగా మీరు పడుకోండి. కట్టు అతన్ని కట్టనివ్వండి.