సమాధానం: అమెరికాలో బానిసత్వం ముగిసింది 1863లోనా, 1865లోనా?

మీ అమ్మాయి స్కూల్ చార్టులో పెట్టడానికి మీకు దొరికిన నాలుగు తేదీలూ (1863 జనవరి 1, 1865లో ఏప్రిల్ 9, జూన్ 19, డిసెంబరు 6) సరైనవేనండీ. ఒక్కోటి ఒక్కో సంగతికి చెందింది, చిక్కంతా అక్కడే.

అంతర్యుద్ధం నడుస్తుండగా 1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ ఇచ్చిన బానిసల విముక్తి ప్రకటన తిరుగుబాటులో ఉన్న దక్షిణాది ప్రాంతాలకే వర్తించింది. బానిసత్వం ఉన్నా యూనియన్‌లోనే (లింకన్ ప్రభుత్వం వైపే) ఉండిపోయిన కెంటకీ, డెలావేర్, మేరీలాండ్, మిస్సోరీలను అది ముట్టుకోలేదు. టెనెస్సీ కూడా బయటే. యుద్ధకాల సైనికాధికారంతో ఇచ్చింది కాబట్టి అంతకుమించి వెళ్లే వీల్లేదు. మేరీలాండ్ 1864 నవంబరులో, మిస్సోరీ 1865 జనవరిలో సొంతంగా రద్దు చేసుకున్నాయి.

1865 ఏప్రిల్ 9న అపోమాటక్స్‌లో లొంగిపోయింది దక్షిణాది సేనాని లీ సైన్యం ఒక్కటే. దాన్ని 'యుద్ధం ముగిసింది' అని రాయకండి, చాలామంది చేసే తప్పే ఇది. మరో దక్షిణాది సేనాని జాన్‌స్టన్ ఏప్రిల్ 26న లొంగాడు. టెక్సస్ వైపు సేనల లొంగుబాటు జూన్ 2 దాకా సాగింది. జూన్ 19న యూనియన్ సేనాని జనరల్ గ్రేంజర్ టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసలంతా స్వతంత్రులేనని ఉత్తర్వు వెలువరించాడు. జూన్‌టీన్త్ సెలవు దాని గుర్తుగానే.

దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం మాత్రం రాజ్యాంగ 13వ సవరణే. ప్రతినిధుల సభ 1865 జనవరి 31న 119-56 ఓట్లతో ఆమోదించింది. 36 రాష్ట్రాల్లో 27 ఒప్పుకోవాలి. డిసెంబరు 6న జార్జియాతో ఆ లెక్క నిండింది. కెంటకీ, డెలావేర్‌లలో అప్పటిదాకా బానిసత్వం చట్టబద్ధమే!

చార్టులో ఒకే తేదీకి చోటుంటే 1865 డిసెంబరు 6 వేయండి. డిసెంబరు 18 అని ఎక్కడైనా కనిపిస్తే కంగారుపడకండి, అది సవరణ అమల్లోకి వచ్చిందని విదేశాంగ మంత్రి సీవార్డ్ అధికారికంగా ప్రకటించిన రోజు. నేరానికి శిక్షగా వెట్టిని ఆ సవరణ మినహాయించిందని కింద చిన్న అక్షరాల్లోనైనా రాయించండి.