పనులు తగ్గించుకోవడం సోమరితనమా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాడు. ఉద్యోగం చేస్తూనే గేట్‌కూ, ఏపీపీఎస్సీ గ్రూప్-2కూ చదువుతున్నాడు. ఒక క్లౌడ్ సర్టిఫికెట్ పరీక్షకు సిద్ధమవుతున్నాడు. శని, ఆదివారాల్లో జర్మన్ తరగతులకు వెళ్తున్నాడు. ఆ రుసుము ఈ మధ్యే కట్టాను. రాత్రి ఒంటిగంట దాటినా పడుకోడు. ఇంత చేస్తున్నా ఆఫీసులో పనులు ఆలస్యమవుతున్నాయని మాట పడ్డాడు. కొన్ని వదిలేయమని స్నేహితులు చెబుతున్నారట. ఈ రోజుల్లో అష్టావధానం చేయగలిగినవాడే నిలబడతాడని నేను విన్నాను. వ్యవసాయం చేసుకునేవాళ్లం, పని తగ్గించుకొమ్మని పిల్లవాడికి చెప్పడానికి మనసొప్పడం లేదు. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, తణుకు

జవాబు: కొన్నిటిని ఆపమనే చెప్పండి. అలా చెప్పినంత మాత్రాన కష్టపడవద్దని చెప్పినట్లు కాదు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే అతడి ఇబ్బందికి కారణం పని ఎక్కువ కావడం కంటే, ఒకే సమయంలో చేతిలో పెట్టుకున్న పనుల సంఖ్య ఎక్కువ కావడమేనని నాకు అనిపిస్తోంది. మీరు రాసినవే అయిదు; ఆ అయిదింటిలో ఒకటైన ఉద్యోగంలో మళ్లీ సగం చేసి వదిలినవి ఎన్ని ఉన్నాయో అతడిని అడిగితే తెలుస్తుంది.

ఈ తేడా తల్లిదండ్రులకే కాదు, ఉద్యోగులకు కూడా అంత తేలికగా కనిపించదు గనుక ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక్కొక్కటి పది రోజులు పట్టే పనులు మూడు ఉన్నాయనుకోండి. మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టి రోజుకొకటి చొప్పున వంతులవారీగా చేస్తూ పోతే మొదటిది 28వ రోజున, రెండోది 29వ రోజున, మూడోది 30వ రోజున పూర్తవుతాయి. ఒకటి ముగిశాకే మరొకటి మొదలుపెడితే 10, 20, 30 రోజులకు పూర్తవుతాయి. పడిన శ్రమ రెండు పద్ధతుల్లోనూ ముప్పై రోజులే, మూడో పనికి కొత్తగా వచ్చిన ఆలస్యమేమీ లేదు, కాని మొదటి పని మాత్రం పద్దెనిమిది రోజుల ముందే చేతికొచ్చింది. వంతులవారీగా చేసినవాడు మాత్రం దాదాపు నెల పొడవునా, ఎవరు అడిగినా ‘నడుస్తోంది’ అనే ఒక్క మాటే చెబుతూ ఉండవలసి వస్తుంది. మీ అబ్బాయి ఆఫీసులో పడిన మాట వెనుక ఇదే ఉండి ఉంటుంది. పనిని పూర్తిచేసే వేగం పెరగకుండా చేతిలో ఉన్నవాటి సంఖ్య మాత్రమే రెట్టింపైతే, ఒక్కో పనికి పట్టే సగటు కాలమూ రెట్టింపవుతుంది. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ పరిశోధకుడు గణితపరంగా నిరూపించిన సూత్రం సారం ఇదే. టయోటా కర్మాగారాల్లో పుట్టి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ బృందాలు వాడుతున్న, పనులను దశలవారీగా ఒక బోర్డు మీద చూపించే కాన్‌బాన్ పద్ధతిలో, ఒక దశలో ఇన్నింటికి మించి పనులు ఉండకూడదని పరిమితి పెట్టడం కూడా ఇందుకే. ఆఫీసులో ఆ బోర్డు ముందు రోజూ నిలబడే యువకులు తమ సొంత జీవితానికి అటువంటి పరిమితి పెట్టుకోకపోవడం నాకు తరచుగా ఎదురయ్యే విషయం.

పైన చెప్పిన లెక్కలో ఒక పని నుంచి మరో పనికి మారేటప్పుడు జరిగే నష్టాన్ని నేను కలపలేదు. ఒక పనిని అసంపూర్తిగా వదిలి రెండోదానికి వెళ్లినప్పుడు మనసులో కొంత భాగం మొదటిదాని దగ్గరే ఉండిపోతుందనీ, దానివల్ల రెండో పని నాణ్యత తగ్గుతుందనీ సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రయోగాలతో చూపించారు. సాయంత్రం ఏడింటికి ఆఫీసు కోడ్‌లో దొరకని తప్పును తలలో పెట్టుకొని ఎనిమిదింటికి గ్రూప్-2 పుస్తకంలో శాతవాహనుల పాలన చదివేవాడికి పుట తిరుగుతుంది గాని విషయం నిలవదు. మర్నాడు అదే పుట మళ్లీ చదవవలసి వచ్చినప్పుడు తనకు జ్ఞాపకశక్తి తగ్గిందని భయపడతాడు.

అష్టావధానం సంగతి మీరు ప్రస్తావించారు గనుక దాన్ని కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే మన వాడుకలో ఆ మాటకు అసలు ప్రక్రియకు పూర్తిగా ఎదురైన అర్థం స్థిరపడిపోయింది. అవధాని ఎనిమిది పనులను ఒక్క క్షణంలో కలిపి చేయడు. సమస్య ఇచ్చినవారి దగ్గరికి వచ్చినప్పుడు సమస్యాపూరణంలోనే ఉంటాడు. సాధారణంగా ఒక ఆవృత్తిలో, అంటే ఒక చుట్టులో, ఒక పాదం చెప్పి, దాన్ని అక్కడికి ముగించి, ఆ తరువాతే దత్తపది (ఇచ్చిన మాటలతో పద్యం చెప్పడం) దగ్గరికి వెళ్తాడు. పృచ్ఛకుల (ప్రశ్నలు అడిగేవారి) సంఖ్య ముందే నిర్ణయమై ఉంటుంది, సభ మధ్యలో తొమ్మిదో పృచ్ఛకుడు లేచి ‘నాదీ చూడండి’ అనడు. ధ్యాస చెడగొట్టే పని కోసం అప్రస్తుత ప్రసంగికి ఒక కుర్చీ కేటాయించి, ఆ భంగాన్ని కూడా నియమంలోనే ఉంచారు. చెప్పిన పద్యాలను జ్ఞాపకం నుంచి తిరిగి చదివే ధారణతో సభ ముగుస్తుంది, అవధాని ఇంటికి వెళ్తాడు. పైగా ఆ కొన్ని గంటల వెనుక ఏళ్ల తరబడి ఛందస్సు మీదా, కావ్యాల మీదా చేసిన సాధన ఉంటుంది. మీ అబ్బాయి చేస్తున్నదానిలో సంఖ్యకు హద్దు లేదు, ఆవృత్తి లేదు, ముగింపు లేదు, అప్రస్తుత ప్రసంగి ఫోను రూపంలో రోజంతా జేబులోనే ఉన్నాడు.

ఇక నిద్ర మానుకొని గంటలు పెంచడం గురించి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలని అన్నప్పుడు దేశమంతా వాదోపవాదాలు జరిగాయి. అంతకు చాలా ముందే, 2014లో, స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్కవెల్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసిన కార్మికుల పాత లెక్కలను పరిశీలించి, వారానికి సుమారు 50 గంటలు దాటాక ఒక్కో అదనపు గంటకు వచ్చే ఉత్పత్తి తగ్గుతూ పోయిందనీ, 70 గంటలు పనిచేసినవారి ఉత్పత్తికీ 56 గంటలు పనిచేసినవారి ఉత్పత్తికీ పెద్దగా తేడా లేదనీ తేల్చారు. ఫిరంగి గుండ్ల తయారీకీ కోడ్ రాయడానికీ తేడా ఉందన్నది నిజమే, అయితే అలసిన బుద్ధి చేసే తప్పులను మర్నాడు దిద్దుకోవలసి రావడం కోడ్‌లోనే ఎక్కువ.

ఆఫీసు సంగతి ముందు సరిచేసుకోవాలి, ఎందుకంటే జీతం ఇచ్చేది అదే. సోమవారం ఉదయం అతడు తన చేతిలో ఉన్న పనులన్నీ ఒక కాగితం మీద రాసి, టీమ్ లీడ్ దగ్గరికి వెళ్లి, ‘ఇవన్నీ నా దగ్గర ఉన్నాయి, ఈ వారం రెండు పూర్తిచేయగలను, ఏ రెండు ముందు కావాలో చెప్పండి’ అని అడగాలి. చేయలేనని చెప్పడానికి మన పిల్లలు భయపడతారు. వరుస చెప్పమని అడగడానికి అంత భయపడనక్కరలేదు, పైగా చాలా మంది లీడ్‌లకు ఒక మనిషి నెత్తిన ఎన్ని పనులు చేరాయో ఆ కాగితం చూసేదాకా తెలియదు. రెండో జాగ్రత్త, రోజును అంచుదాకా నింపుకోకపోవడం. మీ సేవ కేంద్రంలో ఒకే కౌంటరు ఉండి, జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కొక్కరి పనికి సగటున పది నిమిషాలు పడుతుందనుకుందాం. ఆ ఉద్యోగి సమయంలో 80 శాతం నిండితే వచ్చినవారు సగటున 40 నిమిషాలు వేచి ఉండాలి. 90 శాతం నిండితే 90 నిమిషాలు. 95 శాతం నిండితే 190 నిమిషాలు. వరుసల గణితం చెప్పే లెక్క ఇది. అంటే చివరి ఆ కాస్త ఖాళీనీ నింపుకొన్నందుకే ఆలస్యం రెండింతలకు పైగా అవుతుంది. రోజులో గంటన్నర ఖాళీ ఉంచుకొన్నవాడు బద్ధకస్తుడు కాడు, అనుకోకుండా వచ్చే పనికి చోటు ఉంచుకున్నవాడు.

సాయంత్రం లేచే ముందు మిగిలిన పనిని రేపు ఏ సమయానికి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో రెండు వాక్యాల్లో రాసుకోమనండి. పూర్తికాని పనికి స్పష్టమైన ప్రణాళిక రాసుకుంటే చాలు, అది మనసును వేధించడం తగ్గుతుందని మాసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. నేను సలహా అడిగినవారికి చెప్పే వాటిలో అతి తక్కువ సమయం పట్టేది ఇదే.

ఇప్పుడు పరీక్షలు. గేట్ ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, పాఠ్యాంశం అతడు బీటెక్‌లో చదివినదే. గ్రూప్-2 అలా కాదు: 2018 డిసెంబరు ప్రకటన తరువాత మరొకటి రావడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది, 150 మార్కుల ప్రిలిమ్స్, ఆపై 300 మార్కుల మెయిన్స్ కోసం చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ దాదాపు మొదటి నుంచి చదవాలి. ఈ రెండూ రెండు వేర్వేరు జీవితాలకు దారులు. ఎంటెక్ చేసి సాంకేతిక రంగంలో కొనసాగాలన్న కోరిక ఉంటే గేట్ ఉంచి గ్రూప్-2 పుస్తకాలు అటక ఎక్కించాలి. ప్రభుత్వోద్యోగమే కావాలంటే గేట్‌ను పక్కన పెట్టాలి. ఏది కావాలో మీరు కాదు, అతడే తేల్చుకోవాలి. అతడు రాసే క్లౌడ్ పరీక్ష అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్ వంటి సర్టిఫికెట్ కోసమైతే దానికీ మూడేళ్ల గడువే ఉంటుంది, ఉద్యోగం మారబోయే కొద్ది నెలల ముందు తీసుకోవడమే లాభం. కొన్నేళ్ల క్రితం దాకా నేనూ రెజ్యూమెలో వరుసలు పెంచుకొమ్మని చెప్పినవాణ్నే. ఆ వరుసల్లో ఒక్కదాని గురించి కూడా ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడలేకపోయిన వారిని చూశాక ఆ మాట మానుకున్నాను.

సోమరితనం గురించి మీ సందేహానికి జవాబు మీ పొలంలోనే ఉంది. శ్రీ పద్ధతిలో వరి వేసినవారిని మీరు చూసే ఉంటారు. పాత పద్ధతిలో ఎకరానికి ఇరవై కిలోలకు పైగా విత్తనం పట్టే చోట రెండు కిలోలు చాలు. 8 నుంచి 12 రోజుల లేత నారు, కుదురుకు ఒక్క మొక్క, 25 సెంటీమీటర్ల ఎడం. నాటిన కొత్తలో చేను బోసిగా కనబడుతుంది. అయినా ఒక్కో మొక్కకు వేర్లు పరుచుకొనే చోటూ వెలుతురూ దొరకడం వల్ల పిలకలు దండిగా వేస్తుంది. అదే సమయంలో పది రోజులకోసారి వీడర్ తిప్పకపోతే కలుపు మొత్తం కమ్మేస్తుంది. మీ అబ్బాయి రోజు కూడా మొదటి నెలలో అలాగే బోసిగా కనబడుతుంది. ఆ ఖాళీలో ఫోను పెరగకుండా చూసుకోవడమే అతడి కలుపుతీత. ఆ నెలలో మీరు ఫోన్ చేసినప్పుడు వదిలేసినవాటి ఊసు ఎత్తకండి.

పనులు తగ్గించాక కూడా మూడు, నాలుగు వారాలు నిద్ర పట్టకపోతే, లేదా తిండి మీద, మనుషుల మీద ఆసక్తి తగ్గితే అది కెరీర్ సలహాతో తీరేది కాదు, వైద్యుడిని కలవాలి. అంతకు ముందు 14416 నంబరులో ప్రభుత్వ టెలిమానస్ సలహాదారులతో మాట్లాడవచ్చు.

జర్మన్ విషయానికొస్తే, అతడికి వచ్చే ఏడాదిలో జర్మనీ వెళ్లే నిర్దిష్టమైన ఆలోచన లేకపోతే ఇప్పటికి ఆపడమే మంచిది. కట్టిన రుసుమును తరువాతి బ్యాచ్‌కు మార్చుకొనే వీలుందేమో శిక్షణ సంస్థను అడగమనండి, చాలా చోట్ల అడిగితే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోయినా ఆ నష్టం మీరు ఇప్పటికే భరించినదే కాబట్టి ఆ సంగతి అతడికి మీరే ముందుగా చెప్పండి; మీరు బాధపడతారన్న భయంతోనే అతడు ఆదివారాలు తరగతికి వెళ్తూ ఉండవచ్చు.