అడిగితే చెబుతాం: గది కోసమా, బొమ్మల కోసమా?

ప్రశ్న: మా వారి షష్టిపూర్తికి పిల్లలు ముంబయిలో సముద్రం పక్కన పెద్ద హోటల్లో రెండు రాత్రుల ప్యాకేజీ తీసిస్తామంటున్నారు. గది, పొద్దున టిఫిన్, మ్యూజియంలో జరిగే ఎగ్జిబిషన్‌కి రెండు టికెట్లు, ఆ ఎగ్జిబిషన్ పుస్తకం, అన్నీ కలిపి ఒకటే రేటట. ఆయనకి పాత శిల్పాలంటే ప్రాణం. నాకేమో పిల్లలు డబ్బు పారబోస్తున్నారని టెన్షన్. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఒప్పుకోండమ్మా, కాకపోతే ముందు పిల్లల చేత చిన్న లెక్క వేయించండి. అదే హోటల్లో అవే తేదీలకి టిఫిన్‌తో కలిపి వట్టి గది ఎంతకి వస్తుందో చూడమనండి, దానికి టికెట్ల ధర, పుస్తకం ధర విడిగా కలిపితే ప్యాకేజీ లాభమో నష్టమో అక్కడే తేలిపోతుంది. మన దేశంలో మ్యూజియం టికెట్ మహా అయితే వందల్లో, అలాంటి హోటల్లో గది వేలల్లో. అందుకని 'రెండు టికెట్లు ఫ్రీ' అన్న మాటకి పడిపోకండి. పన్ను కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. మ్యూజియం ప్రవేశ టికెట్‌కి విడిగా కొంటే జీఎస్టీ లేదు. అన్నీ కలిపి ఒకే రేటు చెప్పారంటే గదికి వేసే పన్నే మొత్తం రేటు మీద పడే వీలుంది, బిల్లులో ఏది ఎంతో విడదీసి రాస్తారా అని అడిగించండి.

మీ వారి సరదాకి మాత్రం ముంబయి మంచి ఎంపిక. ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయ, అంటే పాతవాళ్ళు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియం అనేది, 1922 నుంచి జనం చూస్తున్న చోటు. 2017లో బ్రిటిష్ మ్యూజియంతో, ఢిల్లీలోని నేషనల్ మ్యూజియంతో కలిసి దాదాపు 200 వస్తువులతో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టింది కూడా ఇక్కడే. ఆ ఆవరణ పక్కనే 1952 నాటి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, కూడలికి అవతల నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ (దానికి సోమవారం సెలవు). 1903లో తెరిచిన తాజ్ హోటల్ కూడా నడిచి వెళ్ళేంత దూరమే. ఒక్క రోజులో మూడూ చుట్టేద్దామని మాత్రం అనుకోవద్దు, అరవై ఏళ్ళ మోకాళ్ళు ఒప్పుకోవు. పొద్దున ఒకటి, భోజనం చేసి కాసేపు నడుం వాల్చాక ఇంకొకటి, చాలు.

ఇంకో మాట. మీరు కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తారనుకుంటాను, అది రెండు రాత్రులు కూర్చోబెట్టి తెల్లవారుజామునే దించుతుంది. హోటళ్ళేమో గది మధ్యాహ్నానికి గానీ ఇవ్వవు. ముందే ఫోన్ చేసి త్వరగా గది ఇస్తారా, లేదంటే సామాను పెట్టుకుని స్నానానికి చోటు చూపిస్తారా అని అడిగి, ఇస్తామంటే ఆ మాట ఈమెయిల్‌లో రాయించుకోండి. నన్నడిగితే ప్యాకేజీలో పుస్తకం కన్నా ఇది ముఖ్యం.

ప్రశ్న: విదేశాల్లో ఇలాంటి ప్యాకేజీలు మామూలట. గేటు దగ్గర టికెట్ కొనుక్కుంటే పోదా, హోటల్ వాడికెందుకు ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: చాలాసార్లు పోతుంది. కొన్నిసార్లు గేటు దగ్గర టికెట్టే ఉండదు, చిక్కంతా అక్కడే. 2023లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో వెర్మీర్ అనే పాతకాలపు డచ్చి చిత్రకారుడి బొమ్మల ఎగ్జిబిషన్ పెట్టారు. ఆయనవని చెప్పేవే ప్రపంచం మొత్తం మీద 37 దాకా ఉంటే, వాటిలో 28 ఒకే చోటికి చేర్చారు. దాదాపు నాలుగు నెలలు నడవాల్సిన ఆ ఎగ్జిబిషన్‌కి, తెరిచిన కొద్ది రోజులకే టికెట్లన్నీ అయిపోయాయి. ఇలాంటి ఎగ్జిబిషన్లలో టికెట్ మీద తేదీతో పాటు లోపలికి వెళ్ళాల్సిన గంట కూడా ఉంటుంది, ఆ గంట దాటితే బతిమాలుకోవాల్సిందే. అలాంటప్పుడు ముందే టికెట్లు తీసి పెట్టుకున్న హోటల్‌కి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా తప్పులేదు. ఎప్పుడూ అక్కడే ఉండే బొమ్మలు చూడ్డానికైతే దండగ.

హోటల్‌కి ఏం లాభమంటారా? ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళతో నిండే గదులు శని, ఆదివారాల్లో ఖాళీగా పడి ఉంటాయి, వాటికి మనుషులు దొరుకుతారు. మ్యూజియానికి టికెట్లు ముందే గంపగుత్తగా అమ్ముడుపోతాయి. ఇద్దరికీ గిట్టుబాటే. మీరు చూసుకోవాల్సింది, ఇచ్చే టికెట్ ఆ ప్రత్యేక ఎగ్జిబిషన్‌దా లేక మామూలు ప్రవేశ టికెట్టా అన్నది, చాలామంది మోసపోయేది ఇక్కడే. ఆ తర్వాత సెలవు రోజు: పారిస్‌లో లూవ్ర్‌కి మంగళవారం, హైదరాబాదులో సాలార్జంగ్‌కి శుక్రవారం. చివరగా, ప్రయాణం ఆగిపోతే డబ్బు వెనక్కి ఇస్తారా లేదా.

ప్రశ్న: పంచె కట్టుకుని వెళ్తే లోపలికి రానిస్తారా?
– ఒక పెద్దాయన, గుణుపురం

జవాబు: మ్యూజియంలో నిక్షేపంగా రానిస్తారు బాబాయ్, సంచి మాత్రం బయట పెట్టించుకుంటారు. హోటల్లో రాత్రి భోజనాల గదికి కొన్నిచోట్ల బట్టల పద్ధతి ఉంటుంది, ముందే అడగండి.

ప్రశ్న: మన వైపు ఇలాంటివి ఎందుకు లేవు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఉన్న సరుకుకి లోటు లేదు తల్లీ, మీ ఊరి కొమ్ము బొమ్మలు, గంజిఫా పేకముక్కలు ఏ మ్యూజియం అద్దాల వెనకైనా నిలుస్తాయి. కొరత ఎక్కడంటే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇదీ ఎగ్జిబిషన్ అని నెలల ముందు ప్రకటించడంలో. ఆ తేదీలు చేతిలో లేకుండా ఏ హోటలూ గదులు పక్కన పెట్టదు. అందాకా మీరే ఒకటి కట్టుకోండి. మొదటి రాత్రి గోపాలపురం సముద్రం ఒడ్డున మీ తాహతుకి తగ్గ గది, మర్నాడు భువనేశ్వర్. స్టేట్ మ్యూజియంలో తాళపత్రాలు, బొమ్మలు గీసిన తాటాకు పుస్తకాలు తీరిగ్గా చూడండి, పిల్లలుంటే కళాభూమి చేతిపనుల మ్యూజియం కూడా. స్టేట్ మ్యూజియానికి సోమవారం సెలవు, కాబట్టి శనివారం బయల్దేరితే సరిపోతుంది.