లైటు చెప్పేది సగమే

ప్రశ్న: మేస్త్రిగారూ, నమస్తే. వంజంగి కొండకు టూరిస్టుల్ని తిప్పుదామని ఈమధ్యే ఒక పాత ఫోర్ బై ఫోర్ జీపు కొన్నాను. ముందు చక్రాలకి చేత్తో తిప్పే హబ్బులున్నాయి (లాక్‌లో పెడితే చక్రాన్ని యాక్సిల్‌కి, అంటే ఇరుసుకి, కలుపుతాయి; ఫ్రీలో పెడితే విడదీస్తాయి). లివర్ 4హెచ్‌లో (నాలుగు చక్రాలకీ బలం) వేస్తే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. అయినా మొన్న బురదలో వెనక చక్రాలే గిరగిరా తిరిగాయి, ముందువి కదల్లేదు. ఇంకోరోజు తారురోడ్డెక్కాక 2హెచ్‌లోకి (వెనక రెండు చక్రాలకే బలం) లాగితే లివర్ రానే లేదు. లాక్ పడిందో, వదిలిందో తెలిసేదెలా?
- ఓ పాఠకుడు, పాడేరు

జవాబు: తమ్ముడూ, ఆ లైటును నమ్మే నేనూ ఒకసారి మారేడుమిల్లి దగ్గర వాగులో రాత్రి పదకొండింటిదాకా కూర్చున్నాను. లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది. టార్చి వేసి చూస్తే కుడి హబ్బు లాక్‌లో ఉంది, ఎడమది ఫ్రీలో. అటువైపు బురద ఎక్కువగా ఉందని దిగకుండా బద్ధకించింది నేనే, ఎవర్ననుకోవాలి!

ఆ లైటు స్విచ్చి, గేర్‌బాక్సు బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఉంటుంది. లివర్ పడిందని చెప్పడం వరకే దాని పని. అక్కణ్నుంచి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు ఇరుసుదాకా బలం మోసే పొడవాటి కడ్డీ), హౌసింగ్ (ఆ బలాన్ని కుడికీ ఎడమకీ పంచే గేర్ల పెట్టె), యాక్సిల్ దాటి హబ్బు పట్టుకుంటేనే చక్రానికి బలం. ఒక్క హబ్బు ఫ్రీలో ఉన్నా ఊపంతా తేలిగ్గా తిరిగే ఆ వైపు యాక్సిల్‌కే పోతుంది. రెండోది లాక్‌లో ఉండీ ఉత్తదే. మీ బురద కథ కూడా ఇదే అయ్యుండొచ్చు.

పరీక్ష ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. చదునైన చోట బండి ఆపి, ఇంజిన్ ఆపేసి, ఫస్ట్ గేర్ వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. లివర్ 2హెచ్‌లో ఉండాలి. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. కుడి హబ్బు లాక్ చేసి ఆ చక్రాన్ని నేలమీదే ఉంచి, ఎడమ చక్రాన్ని జాకీతో లేపండి. ఎడమ హబ్బు ఫ్రీలో పెట్టి చక్రం చేత్తో తిప్పితే చక్రం తిరగాలి, గీత కదలకూడదు. లాక్‌లో పెట్టి తిప్పితే గీత కూడా తిరగాలి, చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ రెండు చుట్లకు పైనే. ఫ్రీలో ఉన్నా గీత తిరిగిందంటే ఆ హబ్బు వదల్లేదు. లాక్‌లో ఉన్నా తిరగలేదంటే రెండింట్లో ఏదో ఒకటి పట్టుకోలేదు. ఇదే పని రెండో వైపూ చేయండి. లేపిన బండి కిందికి మాత్రం దూరొద్దు, గీత పక్కనుంచే కనబడుతుంది.

హబ్బు మీద తిప్పే డయల్ లాక్ గుర్తు మీదకి వచ్చినంత మాత్రాన లోపలి పళ్లు కలిసినట్టు కాదు. పన్ను మీద పన్ను ఆగితే చక్రం కొద్దిగా దొర్లాలి, అప్పుడు టక్‌మని పడుతుంది. పాత గ్రీజు గట్టిపడి బంకలా ఉంటే అదీ పడదు. కొందరు ప్లయరు పెట్టి తిప్పుతారు, డయల్ చెవులు విరుగుతాయి. విప్పి, కిరసనాయిలుతో కడిగి, పల్చగా కొత్త గ్రీజు పూయండి. కూరొద్దు.

ఇక రాని లివర్. మీ బండిలో ముందుకీ వెనక్కీ మధ్య, తిరిగే వేగంలో తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలోనైతే జారి సర్దుకుంటాయి, తారు మీద జారవు, షాఫ్టులు మెలిపడి పళ్లు బిగుసుకుంటాయి. బలవంతంగా లాగకండి. స్టీరింగు నిటారుగా పెట్టి పదడుగులు రివర్సు పోయి, యాక్సిలరేటరు వదిలి, క్లచ్చి తొక్కి లాగితే వెన్నలా వస్తుంది. నడుపుతూ తెలుసుకోవాలంటే కూడా ఇదే గుర్తు: వదులు మట్టిలో 4హెచ్‌లో నెమ్మదిగా స్టీరింగు పూర్తిగా తిప్పి చుట్టు కొట్టండి. ఎవరో బ్రేకు పట్టినట్టు బండి ఈడుస్తుంటే, స్టీరింగు బరువెక్కితే నాలుగూ పట్టుకున్నట్టే. తారురోడ్డు మీద ఈ ప్రయోగం వద్దు, యూజే క్రాసు (షాఫ్టు కీలు) పోతుంది.

వానాకాలమంతా హబ్బులు రెండూ లాక్‌లోనే ఉంచి, లివర్ 2హెచ్‌లో పెట్టుకుని తిరగొచ్చు. ముందు షాఫ్టు ఊరికే తిరుగుతుంది, డీజిలు కొంచెం ఎక్కువ తాగుతుంది, అంతే. తెల్లవారుజామున చీకట్లో, టూరిస్టులు వెనక కూర్చుని ఉండగా, బురదలో దిగి హబ్బు తడుముకునే పని తప్పుతుంది.