హుసేనమ్మ పేరుతోనే నిలబడు

అమ్మా హుసేనమ్మా,

నువ్వు ఎంపీటీసీకి నిలబడతానంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. నాకైతే మొదట నవ్వొచ్చింది. గ్రామసభలో నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారో చెప్పమని అందరి ముందూ నిలదీసిన దానివి, ఏదో ఒకరోజు ఇంత దాకా వస్తావనే అనుకున్నా. కానీ మండలంలో ఎవరో నాయకుడు "ఆ పేరుతో పోతే ఓట్లు రాలవు, హేమలత అని పెట్టుకో, టికెట్ చూస్తా" అన్నాడట, నువ్వు సరేనన్నావట. అది విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డమొస్తావు కాబట్టి రాస్తున్నా.

ముందు కాగితాల సంగతి. ఓటరు జాబితాలో నువ్వు హుస్సేనమ్మవి, ఆధార్‌లో ఉసేనమ్మవి, పదో తరగతి సర్టిఫికెట్లో హుసేనమ్మవి. ఇంటిపేరు ఒకచోట మీ నాయనది, ఇంకోచోట మీ ఆయనది. స్థానం బీసీ మహిళకు వస్తే కుల ధ్రువపత్రం కావాలి. అది మీ నాయన కులాన్ని బట్టి ఇస్తారు. పెళ్లితో కులం మారదని సుప్రీంకోర్టు 2018లో కూడా చెప్పింది. నామినేషన్ల పరిశీలనలో అవతలివాళ్లు వెతికేది ఇలాంటి తేడాలనే. నోటిఫికేషన్ వచ్చాక తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే పని కాదు, ఇప్పుడే తిరుగు. అప్పు మాత్రం చేయకు. గెలిస్తే మండల పరిషత్ సమావేశంలో కుర్చీలో నువ్వే కూర్చోవాలి, మీ ఆయన కాదు. ఈ మాట అతనికి కూడా చదివి వినిపించు.

ఇక పేరు. నీకు ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. మీ అవ్వ పీర్ల చావిడికి పోయి, ఈ బిడ్డ నిలబడితే నీ పేరే పెట్టుకుంటానని మొక్కింది. గుండం చుట్టూ తిరిగేటప్పుడు నిన్ను భుజాన వేసుకున్నది నేనే. మన కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో దస్తగిరి, మౌలాలి, మస్తానమ్మ, కుళ్లాయప్ప లేని హిందువుల వీధి ఒక్కటి చూపించమను ఆ నాయకుణ్ణి. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి మొహర్రానికి పోయే జనంలో ఎవరు ఏ మతమో విడదీయమను.

అయితే ఇక్కడ నీకో చీవాటు ఉంది. "మేం ముసల్మానులం కాదు, హిందువులమే" అని ఇంటింటికీ చెప్పుకుంటున్నావట. ఎందుకు? కాదని చెప్పడంలో తప్పులేదు గానీ, అదేదో నింద అయినట్టు తుడుచుకుంటుంటే పక్కవీధి షేకున్‌బీ ఏమనుకుంటుంది? అమెరికాలో 2008లో బరాక్ ఒబామా పోటీ చేసినప్పుడు, ఆయన పేరు మధ్యలో హుసేన్ ఉందని ఇదే పుకారు లేపారు. అవతలి పార్టీ మనిషే అయిన కోలిన్ పావెల్ టీవీలో, ఆయన క్రైస్తవుడే గానీ, ముస్లిమే అయితే మాత్రం తప్పేంటని అడిగాడు. మరుసటి జనవరిలో ఒబామా ఆ హుసేన్‌తో సహా పూర్తి పేరు చదివే ప్రమాణం చేశాడు.

ఇప్పుడు మీ చిన్నమామ దస్తగిరి కథ. నీకు సగమే తెలుసు. 2001 ఎంపీటీసీ ఎన్నికల్లో పార్టీ టికెట్ ఇవ్వకపోతే ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. బోరు మోటార్లు బాగుచేసేవాడు. అర్ధరాత్రి పిలిచినా పానాలు సంచిలో వేసుకుని సైకిలెక్కేవాడు. ఊరూరా "మోటార్ల దస్తగిరి" అంటే తెలియనివాళ్లు లేరు. అప్పుడొక పెద్దమనిషి చెవిలో ఊదాడు: దస్తగిరి అంటే మెకానిక్ పేరులా ఉంది, నాయకుడికి కాస్త బరువుండాలి అని. వీడికది ఎక్కింది. నామినేషన్లో, కరపత్రాల్లో, గోడల మీద "డి. గిరిధర్ రావు" అయిపోయాడు. ఓటరు జాబితాలో కూడా ఆ పేరే ఎక్కేలా అంతకుముందే కాగితాలు నడిపించాడు. ఫొటోలో కళ్లద్దాలు కూడా పెట్టాడు, అద్దెకు తెచ్చినవి.

అవతలివాళ్లు తెలివైనవాళ్లు. పక్క పల్లె నుంచి ఇంకో దస్తగిరిని తెచ్చి నామినేషన్ వేయించారు. ఆ మనిషి ఒక్క ఇంటికి కూడా రాలేదు, ఒక్క కరపత్రం కూడా పంచలేదు. పోలింగ్ రోజు నేను ఏజెంటుగా లోపల కూర్చున్నా. ముసలమ్మలు బయటికొస్తూ నాకేసి చూసి నవ్వుతున్నారు, మీవాడికే గుద్దామన్నట్టు. లెక్కింపు బల్ల మీద కట్టలు విప్పుతుంటే దస్తగిరి పేరు మీద ముద్రలు పడుతూనే ఉన్నాయి. మా వాడు నా పక్కనే నిలబడి ప్రతి కాగితాన్నీ చూశాడు. ఓడింది కొద్ది తేడాతోనే. ఆ రెండో దస్తగిరికి పడ్డ ఓట్లు ఆ తేడాకు ఎన్నో రెట్లు. సాయంత్రం ఒకామె ఇంటికొచ్చి, "దస్తగిరీ, గెలిచినావా నాయనా?" అని అడిగింది. వాడు లోపలికి పోయి తలుపేసుకున్నాడు. చాలా నెలలు మోటార్ల పనికి కూడా పోలేదు. నాకు భయం అందుకే తల్లీ. ఓటమికి కాదు, ఆ తలుపుకు.

ఒకే పేరు వాళ్లను దింపడం ఇప్పటికీ ఉంది. 2014 లోక్‌సభ ఎన్నికల్లో ఛత్తీస్‌గఢ్ మహాసముంద్‌లో బీజేపీ అభ్యర్థి చందూలాల్ సాహు మీద ఎంతమంది చందూలాల్ సాహులు నిలబడ్డారో! కాంగ్రెస్ అభ్యర్థి, మాజీ ముఖ్యమంత్రి అజిత్ జోగి మీద ఆ బీజేపీ ఆయన గెలిచింది 1,217 ఓట్లతోనే. ఒకే పేరువాళ్లను జనం గుర్తుపట్టాలనే 2015 నుంచి అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల ఓటింగ్ యంత్రాల మీద అభ్యర్థుల ఫొటోలు పెడుతున్నారు. ఎవరిని దింపినా సరే, ఊరికి తెలిసిన నీ పేరే పెట్టుకో. ఇంకో హుసేనమ్మ దిగితే "ట్యాంకు హుసేనమ్మ" అని చెప్పుకో, ఊరికి తెలుస్తుంది.

మీ అమ్మ ఇంకో సంగతి చెప్పింది. నోటుబుక్కులో ఇంటిపేర్లు రాసి, మన కులం ఓట్లిన్ని, ఆ కులం ఓట్లిన్ని అని లెక్క కట్టావట. నీ పేరు చూసి ఓటెయ్యకపోతే అన్యాయమంటావు, నువ్వు మాత్రం వాళ్ల ఇంటిపేర్లు చూసి లెక్కేస్తావా? ఆ బుక్కు చించెయ్. పెద్దపాడులో పేద దళిత ఇంట్లో పుట్టిన సంజీవయ్య 1960లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. కులం లెక్కే మొత్తం అయితే ఆ సంగతి ఎక్కడ పెడతావ్? పెద్ద పేరు కూడా అంతే. తెలుగునేల మీద ఎన్టీఆర్‌ను మించిన పేరేముంది? తుంగభద్రకు అవతల కల్వకుర్తిలో 1989లో ముఖ్యమంత్రిగా ఉండి ఓడాడు.

మరి వెనకటి చరిత్ర చూడొద్దా అంటే, చూడాలి. కేసులు, ఆస్తులు, చదువు చెప్పాలని సుప్రీంకోర్టు 2002లో అన్నది ఓటరు చూడాలనే. నిన్ను కూడా అడుగుతారు. డ్వాక్రా సంఘం లెక్కలు రాసే దానివి కదా, ఆ పుస్తకాలు తేటగా ఉన్నాయా? మీ ఆయన రేషన్ షాపు గొడవ ఏమైంది? ఈ రెండింటికీ జవాబు సిద్ధం చేసుకో. తప్పుంటే ముందే చెప్పు, నామినేషన్ వేసిన తర్వాత కాదు.

నామినేషన్ రోజు నేనూ వస్తా. మోకాళ్లు సహకరించవు, బస్సెక్కలేను. ఆటో పంపు. మీ చిన్నమామను కూడా ఎక్కించుకొస్తా. రానంటాడు, నేను చూసుకుంటా. భోజనం మాత్రం మీ ఇంట్లోనే, హోటల్లో కాదు.

మీ పెద్దమామ